అద్దాల ఇల్లు, ద్రాక్ష పందిరి

హైదరాబాద్ ఉత్తర శివారులో ఖాళీ నేల కనిపిస్తే చాలు, అక్కడ ఏం కట్టాలన్న ఊహ ముందు పుడుతుంది. అక్కడ ఇప్పటికే ఏముందన్న ప్రశ్న ఎప్పటికోగాని రాదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా పరుచుకున్న ఎర్ర చెలకలు, రాతిగుట్టలు, కుంటల మీద ముప్పై ఏళ్ళుగా ఇలాంటి ఊహలు ఒకదాని వెంట ఒకటి వాలుతూనే ఉన్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, జీనోమ్ వ్యాలీ వచ్చింది, కాలేజీలు, రిసార్టులు, విల్లాల వరుసలు వచ్చాయి. సింగపూర్ చూసొచ్చినవాళ్ళకీ, అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లుండి పెన్సిల్వేనియాలోని లాంగ్‌వుడ్ గార్డెన్స్ తిరిగొచ్చిన అమ్మానాన్నలకీ ఇక్కడ మరో ఊహ కలగడం సహజం. వందల ఎకరాల బొటానికల్ గార్డెన్, దాని నడుమ ఆకాశమంత అద్దాల ఇల్లు, లోపల మబ్బు అడవి, జలపాతం, ఆర్కిడ్లు: మన శామీర్‌పేటలో ఎందుకు ఉండకూడదు? కోరికలో తప్పేమీ లేదు. అయితే మొక్కలకు కట్టే మూసిన ఇంటిని దేనితో కొలవాలో ముందు తేల్చుకోవాలి. ఎత్తుతోనూ, టికెట్ల అమ్మకంతోనూ కొలిస్తే అది సినిమా సెట్టుకు పనికొచ్చే కొలత. దాని తలుపు దాటి బయటి నేలలోకి ఏ మొక్క వెళ్ళింది, ఏ విద్య వెళ్ళింది అన్నదే సరైన కొలత అని నా వాదన. ఆ కొలతకు కావలసిన సాక్ష్యం మేడ్చల్, శామీర్‌పేట నేలలోనే ఉంది. అది అద్దాల కింద పెరిగింది కాదు, పందిరి కింద పెరిగింది.

అద్దాల ఇల్లు చలిదేశాల అవసరంలోంచి పుట్టింది. మంచు కురిసే ఊళ్ళో అరటి, తాటి, కొబ్బరి బతకాలంటే వాటికి వెచ్చని గది కావాలి, ఆ గదిలోకి ఎండ రావాలి. బ్రిటన్‌లో అద్దం మీద ఉన్న పన్నును 1845లో ఎత్తేశారు. అప్పటికే లండన్ దగ్గర క్యూ తోటలో డెసిమస్ బర్టన్, రిచర్డ్ టర్నర్ కలిసి పామ్ హౌస్ కడుతున్నారు. 1848లో పూర్తయిన ఆ ఇంట్లో ఇనుప కమానులు అద్దాలను మోస్తే, నేల కింది బాయిలర్లు వేడిని అందించాయి. 1851లో లండన్ ప్రదర్శన కోసం క్రిస్టల్ ప్యాలెస్ గీసిన జోసెఫ్ పాక్స్‌టన్ చదువుకున్న ఇంజనీరు కాదు, ఛాట్స్‌వర్త్ జమీందారీ తోటలో పెద్ద తోటమాలి. అమెజాన్ నుంచి తెచ్చిన రాక్షసి కలువ కోసం కట్టిన అద్దాల గదిలో అతను నేర్చిన పనే అంత పెద్ద భవనానికి దారి చూపింది. ఇవన్నీ అబ్బురమైన కట్టడాలే, సందేహం లేదు. కాని అవి జవాబు చెప్పిన ప్రశ్న వేరు. చలి చంపేసే చోట వేడిదేశపు మొక్కను ఎలా బతికించాలన్నది వాళ్ళ ప్రశ్న. మే నెలలో నలభై డిగ్రీలు దాటే చెలక మీద ఆ జవాబును యథాతథంగా నిలబెడితే లోపలి మొక్క ఉడికిపోతుంది.

ఆ ఇళ్ళు నిజంగా చేసిన పని కూడా చూసేవాళ్ళ కంటికి కనిపించేది కాదు. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ మూత పెట్టిన గాజు సీసాలో ఒక పురుగు గూడును ఉంచితే, అడుగున ఉన్న మట్టిలోంచి ఫెర్న్ మొలిచింది. నీళ్ళు పోయకుండానే అది బతకడం చూసి, ఓడ మీద ఉప్పుగాలి తగలకుండా మొక్కల్ని పంపేందుకు అతను గాజు పెట్టెలు చేయించాడు. రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తేయాకు మొక్కల్ని హిమాలయ సానువులకు చేర్చింది అలాంటి పెట్టెల్లోనే. ఆండీస్ కొండల సింకోనా 1860 తర్వాత నీలగిరులకు ఎక్కింది కూడా ఆ దారిలోనే. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి తెచ్చిన 70 వేల రబ్బరు గింజల్లో క్యూ తోటలో మొలిచినవి మూడు వేల లోపే. ఆ నారు సింహళానికి, సింగపూర్‌కు వెళ్ళి ఆసియా రబ్బరు తోటలకు మూలమైంది. అంటే క్యూ అద్దాల ఇల్లు మజిలీ మాత్రమే. మొక్క అక్కడికి వచ్చింది, బలం పుంజుకుంది, మరో నేలకు వెళ్ళింది. ఈ కథలో దోపిడీ ఉందని మరిచిపోకూడదు. ఆండీస్ ప్రజల చెట్టు, అమెజాన్ ప్రజల చెట్టు వాళ్ళ చేతుల్లోంచి జారిపోయి మరెవరికో లాభమయ్యాయి. లాభం ఎవరికి చేరిందన్న అభియోగం నిలుస్తుంది. అయినా ఆ ఇంటి గొప్ప మొక్కను దాచుకోవడంలో లేదు, బయటికి పంపడంలో ఉంది అన్న సంగతీ నిలుస్తుంది. ఇవాళ మన ఊహల్లో మిగిలింది ఆ ఇంటి రూపం ఒక్కటే. అది చేసిన పని జారిపోయింది.

రూపాన్ని మాత్రమే తెచ్చుకుంటే ఏమవుతుందో బెంగళూరు లాల్‌బాగ్ చెబుతుంది. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన ఆ తోటలో 1889లో క్రిస్టల్ ప్యాలెస్ నమూనాలో గ్లాస్‌హౌస్‌కు పునాది వేశారు. అందమైన కట్టడం. కాని బెంగళూరు వాతావరణంలో మొక్కను వెచ్చబెట్టాల్సిన అవసరమే లేదు. అందుకే అది మొక్కలు కాపురముండే ఇల్లు కాకుండా ప్రదర్శనశాల అయింది. గణతంత్ర దినానికీ, స్వాతంత్ర్య దినానికీ అక్కడ జరిగే పూల ప్రదర్శనలకు జనం విరగబడతారు, పండుగ కాగానే కుండీలు వెళ్ళిపోతాయి. లాల్‌బాగ్‌ను శాస్త్రీయమైన తోటగా నిలబెట్టినవి బయటి నేలలో వేళ్ళూనిన మహావృక్షాలు, దేశదేశాల నుంచి అక్కడికి వచ్చి అలవాటుపడిన జాతులు, వాటి చుట్టూ పెరిగిన ఉద్యానవిద్య. గ్లాస్‌హౌస్‌ను తీసేస్తే నగరానికి ఒక ముద్ర పోతుంది. ఆ చెట్లను తీసేస్తే తోటే పోతుంది.

సింగపూర్ ఉదాహరణ ఇంతకంటే గట్టిది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అది వేడిదేశం. అయినా 2012లో తెరిచిన గార్డెన్స్ బై ది బేలో రెండు భారీ అద్దాల ఇళ్ళు కట్టింది. ఒకటి మధ్యధరా వాతావరణపు ఫ్లవర్ డోమ్, రెండోది మబ్బు అడవి. క్యూ తోట వేడి చేస్తే వీళ్ళు చల్లబరిచారు. ఎండను రానిచ్చి వేడిని ఆపే ప్రత్యేకమైన అద్దం వాడారు, మనుషులు తిరిగే కింది భాగాన్నే చల్లబరిచారు, గాలిలో తేమను పీల్చే ద్రావకాలు పెట్టారు, నగరపు చెట్లు నరికిన కొమ్మల్ని కాల్చి ఆ శక్తిని వాడుకున్నారు. సింగపూర్‌లో ఏడాదంతా గాలి తడిగా ఉంటుంది కాబట్టి ఇంత ఏర్పాటు అవసరమైంది. శామీర్‌పేట గాలి స్వభావం వేరు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి వేడి పొడి వేడి. తడిపిన అట్టల గుండా గాలిని లాగి ఫ్యాన్లతో తోలితే లోపలి ఉష్ణోగ్రత పది డిగ్రీల దాకా దిగుతుంది. ఎయిర్‌కూలర్ పనిచేసేదీ ఈ సూత్రం మీదే. జులై వచ్చి గాలి తడిగా మారగానే ఆ ఉపాయానికి బలం తగ్గుతుంది. పైగా మబ్బు అడవి మొక్కకు పగటి చల్లదనం ఒక్కటే చాలదు, రాత్రి మరింత చల్లగా ఉండాలి. మే నెల రాత్రి ఇక్కడ అలా ఉండదు, అప్పుడిక కంప్రెసర్లు తిరగాల్సిందే. ఎక్కడో కొండల మీద మబ్బు ఉచితంగా చేసే పనికి ఇక్కడ ప్రతి రాత్రీ కరెంటు బిల్లు కట్టాలి. తాగునీటికీ, పరిశ్రమకూ, చెరువుకూ లెక్కలు చూసుకునే శివారులో అట్టలు తడపడానికి నీళ్ళు వేరే వెతకాలి. అంత చేసి బతికించిన మొక్క ఆ తలుపు దాటి ఒక్క అడుగైనా వేయలేదు.

మూసిన ఇళ్ళు ఈ ప్రాంతానికి కొత్తవి కూడా కావు. మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో తెల్లటి ప్లాస్టిక్ కప్పులు మెరుస్తూ కనిపించే పాలీహౌస్‌లు ఆ అద్దాల ఇళ్ళకు బంధువులే. తెలంగాణ ఏర్పడ్డాక పాలీహౌస్‌లకు ప్రభుత్వం 75 శాతం సబ్సిడీ ఇవ్వడంతో నగరం చుట్టూ అవి పెరిగాయి. లోపల ఎత్తు మళ్ళ మీద జెర్బెరా, రంగుల క్యాప్సికం, వేళ్ళ దగ్గరికే నీళ్ళూ ఎరువూ చేర్చే డ్రిప్పు, ఎండ ముదిరితే పైన పరుచుకునే షేడ్‌నెట్. వాన, గాలి, పురుగు నుంచి కాపాడి నగరం అడిగిన రోజుకు సరుకు అందించడం వాటి పని. గుడిమల్కాపూర్ మార్కెట్ పూలలో వాటి వాటా ఉంది. కాని నా కొలతతో చూస్తే వీటిలో ఒక తేడా కనిపిస్తుంది. జెర్బెరా పువ్వు బయటికి వెళుతుంది, మొక్క వెళ్ళదు. నారు మళ్ళీ కంపెనీ దగ్గర కొనాలి, ప్లాస్టిక్ చిరిగితే మళ్ళీ మార్చాలి, ధర పడితే రైతు కుంగిపోవాలి. జీడిమెట్లలో ఉద్యాన శాఖ నడిపే సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లో ఇంకో రకం మూసిన ఇల్లు ఉంది. అక్కడ ప్లాస్టిక్ ట్రేలలో కొబ్బరిపొట్టు మీద పెంచిన కూరగాయల నారు రైతుల ఆరుబయలు పొలాలకు వెళుతుంది. పసితనంలో కొద్ది వారాలు నీడనిచ్చి తర్వాత ఎండకు అప్పగించే ఇల్లది. రెండూ పాలీహౌస్‌లే, రెంటి మీదా పరిచింది ఒకే ప్లాస్టిక్. ఒకటి మొక్కను ఎప్పటికీ తన దగ్గరే ఉంచుకుంటుంది, రెండోది సాగనంపుతుంది.

ఇక పందిరి దగ్గరికి వద్దాం. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట అంటే ద్రాక్షతోటలు. రాతి కడీలు పాతి, ఇనుప తీగలు లాగి, తలకు పైన పందిరి అల్లి దాని మీద పాకించిన తీగలు, ఆ నీడలో వేలాడే పచ్చని అనాబ్-ఎ-షాహీ గుత్తులు. 19వ శతాబ్దం చివర హైదరాబాద్ తోటల్లోకి వచ్చిన ఆ రకం 20వ శతాబ్దంలో నగరం చుట్టూ విస్తరించింది, తర్వాత గింజలేని థాంసన్ దాని పక్కన చేరింది. ఇక్కడ ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. ద్రాక్ష ఈ నేల మొక్క కాదు. అది చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే తీగ, ఆ నిద్ర తర్వాతే చిగురించి పూస్తుంది. లండన్ దగ్గర హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో 1768లో నాటిన ద్రాక్షతీగ ఇప్పటికీ అద్దాల ఇంట్లో ఉంది, ఏటా కాస్తోంది. అక్కడ దాని కొరత ఎండ, కాబట్టి అద్దం. ఇక్కడ దాని కొరత చలి. చలిని తయారుచేసే ఇల్లు మేడ్చల్ రైతు కట్టలేదు. కత్తెర పట్టాడు. వేసవి మొదట్లో తీగను మొండిగా కత్తిరిస్తే కొత్త కొమ్మలు సాగి ముదురుతాయి, ఆ కణుపుల్లో పూతకు బీజం పడుతుంది. వానలు వెనుకబట్టాక అక్టోబరులో ఆ కొమ్మల్ని కొలత చూసి మళ్ళీ కత్తిరిస్తే గుత్తులు బయటపడతాయి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోతకొస్తాయి. ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక కాపు. చలి చేయాల్సిన పనిని కత్తెర చేసింది. ఏ కొమ్మను ఎన్ని కణుపుల దగ్గర కోయాలో తెలిసిన చేయి ఉంటే చాలు, అద్దం అక్కర్లేదు. పరాయి వాతావరణపు మొక్కను ఇక్కడి ఆకాశం కిందే కాయించడానికి డెక్కన్ కనిపెట్టిన పద్ధతి ఇది.

ఆ తోటలు ఇప్పుడు చాలావరకు లేవు. బోర్లు ఎండాయి, కూలి పెరిగింది, తెగుళ్ళ మందుల ఖర్చు పెరిగింది, అన్నిటినీ మించి ఎకరం ధర కాపుతో పోల్చలేనంత పైకి వెళ్ళింది. తీగను పెకిలించి కడీలు అమ్మేసిన రైతును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కాని ఒక పంట పోయినప్పుడు దానితోపాటు పోయేది పండు ఒక్కటే కాదు. ఎప్పుడు కోయాలి, ఎంత కోయాలి, ఎంత ఎండలో ఎన్ని ఆకులు నిలపాలి అన్న చేతి చదువూ పోతుంది. రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రంలో రకాలు బతికే ఉన్నాయి, అది మంచిదే. అయితే ఆ పంటకు పేరు తెచ్చిన ఊళ్ళలో పిల్లవాడికి చూపించడానికి ఒక పందిరి లేకపోతే, అక్కడి చరిత్రలోంచి ఒక అధ్యాయం చిరిగినట్టే. ఈ ప్రాంతంలో బొటానికల్ గార్డెన్ అంటూ వస్తే దానికి తప్పక కావలసింది ద్రాక్ష పందిరి. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి జనం చూస్తుండగా అనుభవమున్న రైతు చేత కత్తిరింపు చేయిస్తే, ఏ జలపాతమూ నేర్పలేని వృక్షశాస్త్రం ఆ పూట నేర్పవచ్చు.

బొటానికల్ గార్డెన్‌కీ పార్కుకీ ఉన్న తేడా కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కండ్లకోయలో ఆక్సిజన్ పార్కు ఉంది, శామీర్‌పేటలో జింకల పార్కు ఉంది, నగరానికి పశ్చిమాన కొండాపూర్‌లో కోట్ల విజయభాస్కరరెడ్డి పేరుతో 274 ఎకరాల బొటానికల్ గార్డెన్ ఉంది. ఇవి నగరానికి ఊపిరి, వాటి విలువ తక్కువ కాదు. పార్కులో నడుస్తాం, గాలి పీలుస్తాం, తిరిగొస్తాం. బొటానికల్ గార్డెన్ ఇంకొక మాట ఇస్తుంది: ఈ చెట్టు పేరేమిటి, ఏ గుట్ట మీది గింజ, ఎప్పుడు నాటారు, ఎప్పుడు పూసింది. ఈ లెక్క ఉంటే పదెకరాల గార్డెనైనా శాస్త్రానికి పనికొస్తుంది, లేకపోతే వెయ్యి ఎకరాలున్నా అది విహారస్థలమే. తెలుగు నేలకు ఈ సంప్రదాయం కొత్తది కాదు. 18వ శతాబ్దం చివర విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కల్ని స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, తెలుగు పేర్లు అడిగి రాసుకుని, 1793లో కలకత్తా తోటకు వెళ్ళాడు. జ్వరానికి పెరూ బెరడు బదులు మన సోమిద చెట్టు బెరడు పనికొస్తుందేమోనని పరీక్షించాడు. అతను పనిచేసింది ఈస్టిండియా కంపెనీ కోసమే, ఆ పేర్లు చెప్పిన తెలుగువాళ్ళ పేర్లు మనకు మిగల్లేదు. అయినా అతని తోట తెలుగు గుట్టల మీది చెట్టుకు ప్రపంచ విజ్ఞానంలో చోటిచ్చింది. అందుకు వాడిన పనిముట్లు అడిగే నోరు, రాసుకునే కాగితం, గీసే కుంచె.

నిజంగా మూసి ఉంచాల్సిన ఇల్లు ఎలా ఉంటుందో చూడాలంటే పటాన్‌చెరు దాకా వెళితే చాలు. 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షకు పైగా ఉన్నాయి. దీర్ఘకాలం దాచే గింజలను సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉంచుతారు. చూడ్డానికి అక్కడ పువ్వు లేదు, జలపాతం లేదు, అలమరల్లో రేకు పొట్లాలు ఉంటాయంతే. అయితే ఇథియోపియా, కెన్యా వంటి దేశాలు తమ పాత రకాలను పోగొట్టుకున్నప్పుడు వాటి గింజలు తిరిగి వెళ్ళింది అక్కడి నుంచే. మూసిన తలుపుకు ఇంతకంటే మంచి సమర్థన దొరకదు. అంటే మూసిన ఇంటి మీద నాకు వ్యతిరేకత లేదు. బయటికి దారి లేని ఇంటి మీదే ఉంది.

ఇలాంటి తోటలో ముందు చోటు ఈ నేల చెట్లకే అంటే వచ్చే మొదటి ఆక్షేపణ ఊహించడం కష్టం కాదు. తంగేడును, మోదుగను టికెట్ కొని ఎవరు చూస్తారు? రోడ్డు పక్కన పెరిగే చెట్టుకు తోటెందుకు? ఈ మాటకు బతుకమ్మ పండుగే జవాబు చెబుతుంది. ఒకప్పుడు ఊరి చెలక మీదికి వెళ్ళి ఒడినిండా తెచ్చుకున్న తంగేడు, గునుగు ఇవాళ నగరంలో కట్టల లెక్కన కొంటున్నారు. డబ్బు పెట్టి కొంటున్నామంటేనే ఉచితంగా దొరికే చోటు తరిగిందని అర్థం. రోడ్డు పక్కన పెరుగుతున్నవాటిలో కూడా ఈ నేలవి ఎన్ని? నగరం విస్తరించిన చోటల్లా నర్సరీల నుంచి ఒకే పది రకాల అలంకార మొక్కలు దిగుతున్నాయి. రాళ్ళ సందున పెరిగే బలుసు, రేగు, తునికి, చండ్ర బుల్‌డోజర్ కింద పోతున్నాయి. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, జమ్మి రాష్ట్ర వృక్షం. దసరానాడు జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి ‘అలయ్ బలయ్’ తీసుకునే జనంలో, పూజ జరిగిన చెట్టు కాక మరో జమ్మిని అడవిలో గుర్తుపట్టగలిగేవాళ్ళు ఎందరు? అతి పరిచయం వల్ల మనం ఈ చెట్లను వదిలేయలేదు. పరిచయమే లేక వదిలేశాం.

రెండో ఆక్షేపణ అందం గురించి. డెక్కన్ పొడి అడవి ఏడాదిలో సగం మోడుగా ఉంటుంది, సందర్శకుడికి ఏం చూపిస్తారు అంటారు. ఇది ఆ అడవిని తప్పు నెలలో, తప్పు తొందరలో చూసినవాళ్ళ మాట. ఆకులన్నీ రాలాకే ఇక్కడ అసలు ప్రదర్శన మొదలవుతుంది. జనవరి, ఫిబ్రవరిలో బూరుగు ఎర్రగా పూస్తుంది, కొండగోగు బండల మధ్య పసుపు రాశి పోస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ కొమ్మకొమ్మకూ అంటుకుంటుంది. తర్వాత ఇప్ప తెల్లవారుజామున పూలు రాలుస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో రేల వేలాడుతుంది. ఆకు ఉంటే పూలు కనబడవు, నీళ్ళు లేని కాలంలో ఆకు ఖర్చు తగ్గించుకుని చెట్టు పూతకు దిగుతుంది. వానలొచ్చాక గుట్టంతా మరో రంగు కడుతుంది, సెప్టెంబరుకు తంగేడు, గునుగు, సీతాఫలం సిద్ధమవుతాయి. అద్దాల ఇంట్లో పన్నెండు నెలలూ ఒకే ఋతువు, ఒకసారి చూసినవాడికి రెండోసారి రావడానికి కారణం వెతకాలి. బయటి తోట నెలకోసారి పిలుస్తుంది. సందర్శకుల లెక్క చూసుకునే వ్యాపార దృష్టితోనైనా ఇది చిన్న సంగతి కాదు.

మూడో ఆక్షేపణను నేను ఒప్పుకుంటాను. కొన్ని మొక్కలకు మూసిన ఇల్లు తప్పనిసరి. శేషాచలం కొండల్లో తప్ప మరెక్కడా సహజంగా పెరగని పేరీత, తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే పెరిగే ఎర్రచందనం, ఆ కొండల్లోనే ఉండే తెల్లకరక, కొండసాంబ్రాణి, తంబజాలారి వంటివి పెంచడం అంత తేలిక కాదు. కొన్నిటి గింజ మొలకెత్తడమే అరుదు, కొన్నిటికి తేమ, నీడ లెక్క తప్పితే నారు చచ్చిపోతుంది. వీటికి పొగమంచు చిమ్మే గదులు, టిష్యూకల్చర్ ప్రయోగశాల కావలసిందే. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద కొంత దూరం పోతే వచ్చే సిద్దిపేట జిల్లా ములుగులో కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో ఉద్యాన విశ్వవిద్యాలయం, 2016లో మొదలైన అటవీ కళాశాల ఉన్నాయి. జీనోమ్ వ్యాలీలో క్రిమిరహిత గదుల్లో జీవకణాలను పెంచడం నిత్యం జరిగే పని. ఒక అరుదైన చెట్టును గింజ నుంచి నారుగా, నారు నుంచి అడవికి చేర్చడానికి కావలసిన విద్యలన్నీ ముప్పై నలభై కిలోమీటర్ల లోపలే ఉన్నాయి. కాబట్టి ఇల్లు కడదాం, కాని అది పురిటిగది కావాలి. గోడ ఒక పక్క అద్దం పెట్టి లోపల జరిగే పని సందర్శకుడికి చూపించవచ్చు. మొలక వచ్చిన రోజు, కుండీ మారిన రోజు, లారీ ఎక్కి కనుమలకు బయల్దేరిన రోజు తలుపు మీది పలకపై రాయవచ్చు. పరదేశపు ఆర్కిడ్ ముందు సెల్ఫీ తీసుకునేవాడు ఆ పలక దగ్గర కూడా ఒక నిమిషం ఆగుతాడని నమ్మడానికి కారణం ఉంది: మనిషికి అందం ఎంత ఇష్టమో, ఒక ప్రాణి బతికిందన్న వార్త అంత ఇష్టం.

చివరి ఆక్షేపణ మరింత సూటిగా ఉంటుంది. వారమంతా పనిచేసి ఆదివారం పిల్లల్ని తీసుకుని వచ్చే మనిషికి చల్లని గది, నాలుగు వింత పూలు చాలు, అతని మీద చదువు రుద్దడం ఎందుకు? వినోదం తప్పు కాదు, నిజమే. కాని వినోదం కోసమే అయితే దానికి మాల్స్ ఉన్నాయి, చల్లదనం అక్కడా ఉంది. ప్రభుత్వ భూమి, ప్రజల నీళ్ళు, ప్రజల కరెంటు వాడే తోట అంతకంటే కొంత ఎక్కువ ఇవ్వాలి. పిల్లవాడికి కూడా అన్యాయం చేయకూడదు. కృత్రిమ జలపాతాన్ని చూసి వాడు తన ఊరి గుట్టను బీడుగా లెక్కగడితే, ఆ తోట వాడికి నేర్పింది తన నేల మీద చిన్నచూపు. పాదాల దగ్గరి పొదకు పేరుందని, దాని బెరడుతో ఒకప్పుడు తోళ్ళు పదును చేశారని, దాని పువ్వే బతుకమ్మ మీద కూర్చుంటుందని తెలిస్తే, ఇంటికి పోయే దారంతా వాడికి తోటే అవుతుంది.

నిర్ణయించేవాళ్ళకు చెప్పదలచింది ఒక వరుస మాత్రమే. శామీర్‌పేటలోనో మేడ్చల్‌లోనో తోట పెట్టదలిస్తే ముందు గుట్టను గుట్టగా వదలండి, దాని మీద ఉన్న ప్రతి చెట్టుకూ తెలుగు పేరు, శాస్త్రీయ నామం రాసి కట్టండి. రెండోది, లెక్కల పుస్తకం తెరవండి, గింజ ఎక్కడిదో రాయండి. మూడోది, ద్రాక్ష పందిరి వేసి కత్తిరింపు తెలిసిన రైతుకు జీతమిచ్చి పెట్టుకోండి. నాలుగోది, అరుదైన మొక్కలకు నారు గదులు కట్టండి. ఇవన్నీ అయ్యాక డబ్బూ నీళ్ళూ మిగిలితే ఆకాశమంత అద్దాల ఇల్లు కట్టుకోవచ్చు, అభ్యంతరం లేదు. చూడటానికి వెళ్ళే మనకు మిగిలిన పని ఇంకా సులువు. ఏ తోటలోనైనా, ఏ దేశంలోనైనా, అద్దాల ఇంట్లోంచి బయటికి వస్తూ అక్కడి ఉద్యోగిని ఒక ప్రశ్న అడగండి: పోయిన ఏడాది ఇక్కడి నుంచి ఏ మొక్క బయటి నేలలోకి వెళ్ళింది? జవాబు ఉంటే అది బొటానికల్ గార్డెన్. లేకపోతే టికెట్ డబ్బులు చల్లగాలికి ఇచ్చినట్టు లెక్క రాసుకోండి.